హరాం పైసలతో హలాల్ బడి?

జూదం గురించి మేము నోరు విప్పితే చాలు, ఎదుటివాళ్ల ముఖంలో ఒక చిరునవ్వు కనిపిస్తుంది. "మీ మతంలో హరాం కదా, అందుకే అంటున్నారు" అని దాని అర్థం. అక్కడితో చర్చ ముగిసిపోతుంది. మేము చెప్పింది వాదన కాకుండా పోతుంది, ఆచారమైపోతుంది. పంది మాంసం తినరు, సారా తాగరు, జూదమాడరు – అన్నీ ఒకే జాబితా. మిగతా వాళ్లు మాట్లాడితే ఆర్థిక విధానం, మేము మాట్లాడితే ఫత్వా. ఈ దేశంలో మైనారిటీగా బతకడమంటే ఏమిటని అడిగేవాళ్లకు ఇదొక జవాబు. మా నోట్లోంచి మాట బయటికి రాకముందే దానికి టోపీ పెట్టేస్తారు.

ఆ టోపీ తీయమని మేము అడగటం లేదు. టోపీ కింద ఒక తలకాయ ఉందని, ఆ తలకాయలో ఒక పౌరుడి ప్రశ్న ఉందని మాత్రం చెప్పదలిచాం. ప్రశ్న ఇది: ప్రభుత్వం తానే జూదం నడిపి, ఆ లాభంతో పిల్లలకు చదువు చెప్పించవచ్చా? చదువు మంచిదే కదా, డబ్బు ఎక్కడినుంచి వస్తేనేం అనేవాళ్లకు మేము ఏమని జవాబు చెప్పాలి?

ఇది ఊహాప్రశ్న కాదు. అమెరికాలో అరవై ఏళ్లుగా నడుస్తున్న వ్యవహారం. ముందు అక్కడికే వెళ్దాం.

అమెరికాలో లాటరీ కొత్తది కాదు. హార్వర్డ్, కొలంబియా వంటి పేరున్న విద్యాసంస్థలకే ఒకప్పుడు లాటరీ డబ్బు చేరింది. పంతొమ్మిదో శతాబ్దంలో లాటరీల్లో మోసాలు, లంచాలు పెరిగి జనం విసిగిపోయారు. లూసియానా లాటరీ దేశమంతా టికెట్లమ్మి, శాసనసభ్యుల్ని కొనేసి, చెడ్డపేరు తెచ్చుకుంది. 1895లో అక్కడి పార్లమెంటు ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి లాటరీ టికెట్లు పోకుండా చట్టం చేసింది. ఆ తర్వాత దాదాపు డెబ్బై ఏళ్లు ఏ రాష్ట్రమూ లాటరీ జోలికి పోలేదు.

మళ్లీ తలుపు తెరిచింది న్యూహాంప్‌షైర్. చిన్న రాష్ట్రం. అక్కడ ఆదాయపు పన్ను లేదు, అమ్మకం పన్ను లేదు. పన్ను వేస్తామంటే ఓటర్లు ఊరుకోరు. కానీ బడులు నడవాలి. అందుకని 1964లో గుర్రప్పందెంతో ముడిపెట్టిన లాటరీ మొదలుపెట్టారు. లాభం చదువుకు అన్నారు. దీన్ని గుర్తుపెట్టుకోవాలి. లాటరీ పుట్టింది చదువు మీది ప్రేమతో కాదు, పన్ను అడగడానికి ధైర్యం లేక. ఇవాళ అమెరికాలో 45 రాష్ట్రాల్లో ప్రభుత్వ లాటరీలున్నాయి. చాలాచోట్ల చదువు పేరే చెబుతారు.

వీటిలో అందరూ మెచ్చుకునేది జార్జియా రాష్ట్రం. గవర్నరు జెల్ మిల్లర్ హయాంలో 1993లో లాటరీ పెట్టి, ఆ డబ్బుతో రెండు పనులు మొదలుపెట్టారు. నాలుగేళ్ల పిల్లలకు ఉచితంగా బడికి ముందటి చదువు ఒకటి. హైస్కూల్లో బి గ్రేడు తెచ్చుకున్న పిల్లలకు కాలేజీ ఫీజు కట్టే 'హోప్' స్కాలర్‌షిప్ రెండోది. హోప్ అంటే ఆశ. ముప్పై ఏళ్లలో ఈ లాటరీ నుంచి చదువుకు చేరింది 2500 కోట్ల డాలర్లకు పైమాటే. ఇది చిన్న సంగతి కాదు. లక్షల మంది పిల్లలు చదువుకున్నారు. అట్లాంటా చుట్టుపక్కల స్థిరపడిన మన తెలుగు కుటుంబాల్లో అక్కడే పుట్టి పెరిగిన పిల్లలకు కూడా ఈ స్కాలర్‌షిప్ దారి తెరిచే ఉంది. వాళ్లలో హిందువులున్నారు, క్రైస్తవులున్నారు, మావాళ్లూ ఉన్నారు.

మరి ఇంకేం కావాలి? లెక్క రెండో వైపు చూడాలి.

టికెట్టు ఎవరు కొంటున్నారు? స్కాలర్‌షిప్ ఎవరికి వస్తోంది? అక్కడి అర్థశాస్త్రజ్ఞులు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశారు. తమ ఆదాయంలో ఎక్కువ వంతు లాటరీ మీద పెట్టేది పేదలు, అందులోనూ నల్లవాళ్లు. కాలేజీ స్కాలర్‌షిప్ ఎక్కువగా దక్కేది కాస్త కలిగిన ఇళ్ల పిల్లలకు, అందులోనూ తెల్లవాళ్లకు. ఇది కుట్ర కాదు. పథకం కట్టిన తీరే అంత. బి గ్రేడు రావాలంటే మంచి బడి ఉండాలి, ఇంట్లో చదువుకునే చోటుండాలి, సాయంత్రం కొలువుకు పోవాల్సిన అవసరం ఉండకూడదు.

ఇంకొకటి చూడండి. హోప్ మొదలైన ఏడాది 66 వేల డాలర్లలోపు ఆదాయమున్న కుటుంబాల పిల్లలకే అన్నారు. మరుసటి ఏడాది ఆ గీతను లక్ష డాలర్లకు జరిపారు. 1995కల్లా గీతే చెరిపేశారు. కోటీశ్వరుడి కొడుకైనా అర్హుడే. అదే సమయంలో పేద విద్యార్థికి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే పెల్ గ్రాంటు వస్తుంటే, ఆ మేరకు హోప్ డబ్బులో కోత పెట్టారు. కలిగినవాడికి పూర్తి ఫీజు, పేదవాడికి పుస్తకాల ఖర్చు. కొన్నేళ్ల తర్వాత ఆ కోత తీసేశారనుకోండి. ఇదెవరి దుర్మార్గమూ కాకపోవచ్చు. కానీ పన్ను కట్టేవాడు లెక్క అడుగుతాడు, టికెట్టు కొన్నవాడు అడగడు. ఓడిపోయినవాడు సిగ్గుపడి ఇంటికి పోతాడు. అతని సిగ్గే ప్రభుత్వానికి రక్షణ.

ఇక రెండో సంగతి, తొట్టి లెక్క. తొట్టిలోకి కొత్తగా ఒక పంపు పెట్టామని చెప్పి, పాత పంపును కొంచెం కట్టేస్తే నీళ్లు పెరగవు. ఫ్లోరిడాలో 1988లో టికెట్ల అమ్మకం మొదలైంది. చదువుకు ఉన్నదానిమీద అదనంగా ఇస్తామని మాట ఇచ్చారు. కొద్దికాలానికే లాటరీ డబ్బు వస్తోంది కదా అని ఖజానా నుంచి చదువుకు వెళ్లే వంతును తగ్గిస్తున్నారనే విమర్శ అక్కడే బలంగా వచ్చింది. కాలిఫోర్నియాలో లాటరీ పెట్టిన ఇన్నేళ్లకు కూడా బడుల ఖర్చులో దాని వాటా నూటికి ఒకటి రెండు వంతులే. కానీ లాటరీ ఉంది కదా, ఇంకా పన్నెందుకు అనే మాట మాత్రం నూటికి నూరు వంతులు జనంలోకి పోతుంది. బడికి వచ్చే డబ్బు తక్కువ, బడికి పోయే మద్దతు ఎక్కువ.

అలబామాలో 1999లో ఈ ప్రశ్నను నేరుగా ప్రజల ముందు పెట్టారు. గవర్నరు డాన్ సీగెల్మన్ లాటరీ పేరుమీదే ఎన్నిక గెలిచాడు. అయినా అక్టోబరులో ఓటింగు జరిగితే ప్రజలు వద్దన్నారు. ముందు నిలబడింది చర్చీలు. వాళ్లను కూడా ఛాందసులనే అన్నారు. ఎగతాళి మాకొక్కరికే దక్కిన గౌరవం కాదన్నమాట. అయితే ఒక్క సంగతి మరువకూడదు. లాటరీ వద్దని గెలిచిన అలబామా, బదులుగా పన్ను వేసి బడుల్ని బాగుచేసిందా? 2003లో ఆ పన్నుల ప్రతిపాదన కూడా ఓటింగుకు వచ్చింది. దాన్నీ ఓడించారు. పాపం వద్దన్నారు, బాధ్యతా వద్దన్నారు. జూదాన్ని ఖండించి ఊరుకునే మతం సగం మతమే. ఇది చర్చీకి వర్తిస్తే మసీదుకూ వర్తిస్తుంది.

ఇప్పుడు మా దగ్గరికి వద్దాం.

మా ధర్మగ్రంథం జూదాన్ని నిషేధించిందని అందరికీ తెలుసు. ఎలా నిషేధించిందో చాలామందికి తెలియదు, మావాళ్లలో కూడా. మద్యం, జూదం గురించి జనం ప్రవక్తను అడిగినప్పుడు వచ్చిన మొదటి జవాబు నిషేధం కాదు. వాటిలో పెద్ద పాపముంది, ప్రజలకు కొంత ప్రయోజనమూ ఉంది, కానీ ప్రయోజనం కన్నా పాపం పెద్దది అన్న అర్థంలో వచ్చింది. పూర్తి నిషేధం తర్వాత వచ్చింది. ముందు ప్రయోజనం ఒప్పుకుని, తూకం వేసి, అప్పుడు తీర్పు చెప్పడం. దీన్ని ఫత్వా అంటారా, వాదన అంటారా?

ఇంతకీ జూదంలో ప్రయోజనమేమిటి? అక్కడే అసలు కథ ఉంది. ఇస్లాంకు ముందు అరబ్బులు ఆడిన జూదం పేరు మైసిర్. ఒంటెను కోసి మాంసం వాటాలు వేసేవారు. పది బాణాలుండేవి. ఏడింటికి వాటాలు, మూడు ఉత్తవి. ఒక సంచిలోంచి బాణాలు తీసేవారు. ఓడినవాళ్లు ఒంటె ఖరీదు భరించాలి. గెలిచినవాళ్లు ఆ మాంసాన్ని తాము తినకుండా పేదలకు పంచేవారు. చలికాలంలో, కరువులో ఈ ఆట ఆడటం గొప్ప దాతృత్వం. ఆడనివాణ్ణి పిసినారి అని ఎద్దేవా చేసేవారు. పాత వ్యాఖ్యాతలు రాసిపెట్టిన సంగతి ఇది.

అంటే చూడండి. నిషేధం వచ్చింది పేకాటరాయుడి మీద కాదు. పేదల పేరు చెప్పుకునే జూదం మీద వచ్చింది. మంచిపని కోసం లాటరీ అన్నది న్యూహాంప్‌షైరు కనిపెట్టింది కాదు, మక్కా ఎడారిలో పద్నాలుగు వందల ఏళ్లకు ముందే ఉంది. ఆకలిగొన్నవాడికి మాంసం దొరుకుతున్నా సరే అది వద్దన్నారు.

వద్దని ఊరుకోలేదు. దాని చోట ఇంకొకటి పెట్టారు. జకాత్. ఏడున్నర తులాల బంగారం గానీ, యాభై రెండున్నర తులాల వెండి గానీ, అంత విలువైన సొమ్ము గానీ ఏడాదిపాటు నిలవ ఉన్నవాడు నూటికి రెండున్నర చొప్పున ఇవ్వాలి. అంతకు తక్కువున్నవాడు ఇవ్వనక్కరలేదు, పైగా తీసుకోవచ్చు. ఈ గీతను నిసాబ్ అంటారు. లాటరీని దీని పక్కన పెట్టి చూడండి. జకాత్ నిసాబ్ పైన మొదలవుతుంది. లాటరీ నిసాబ్ కింద మొదలవుతుంది. జకాత్ ఉన్నవాణ్ణి వెతుక్కుంటూ పోతుంది. లాటరీ లేనివాణ్ణి వెతుక్కుంటూ వస్తుంది. ఇది అర్థం కావడానికి కలిమా చదవనక్కరలేదు. ఉన్నవాడి మీద ఎక్కువ పన్ను, లేనివాడి మీద తక్కువ పన్ను అనే మాట మన లౌకికవాద మిత్రులు రోజూ చెప్పేదే. మేము చెబితే మాత్రం షరియత్ ఎందుకవుతుంది?

ఈ నేలమీది పాత పుస్తకాల్లోనూ రెండు దారులూ ఉన్నాయి. జూదంలో రాజ్యాన్ని, తమ్ముళ్లను, భార్యను ఒడ్డిన ధర్మరాజు కథ పల్లెపల్లెకూ తెలుసు. కౌటిల్యుడు మాత్రం జూదశాలల మీద ఒక అధ్యక్షుణ్ణి పెట్టి, గెలుపులో నూటికి అయిదు వంతులు రాజుకు తీసుకోమన్నాడు. కాబట్టి ఇది హిందూ ముస్లిం తగాదా కాదు. ప్రజల పతనాన్ని ఖజానా లెక్కలో రాసుకునే రాజుకూ, ఆ పతనంలో నాశనమయ్యే ఇల్లాలికీ మధ్య తగాదా.

దీనికి ఎదురు వాదనలు లేకపోలేదు. వాటిని దాటేసి పోవడం న్యాయం కాదు.

మొదటిది, లాటరీ ఎవరూ బలవంతంగా కొనిపించరు, ఇష్టమున్నవాడు కొంటాడు అని. ఇది నిజమే. కానీ వ్యాపారి ఇష్టానికి వదిలేయడం వేరు, ప్రభుత్వం ఇష్టాన్ని పుట్టించడం వేరు. పొగాకు మీద ప్రభుత్వం పన్ను వేస్తుంది. ధర పెరిగితే తాగడం తగ్గుతుంది, ఆదాయం తగ్గినా ఆరోగ్యం మిగులుతుంది. అలవాటును అదుపులో పెట్టే పన్ను అది. లాటరీలో ప్రభుత్వం వసూలుదారు కాదు, దుకాణదారు. అమ్మకం తగ్గితే ప్రకటనలు పెంచాలి, బహుమతి పెంచాలి, కొత్త ఆట కనిపెట్టాలి. మా పిల్లలు పదో తరగతి లెక్కల్లో సంభావ్యత అనే పాఠం చదువుతారు. నాణెం ఎగరేస్తే బొమ్మ పడే అవకాశమెంత, డబ్బాలోంచి ఎర్రబంతి తీసే అవకాశమెంత అని. పొద్దున బడిలో ఆ పాఠం చెప్పించి, సాయంత్రం బజార్లో ఆ పాఠం మరిచిపొమ్మని పోస్టరు అంటించే ప్రభుత్వం ఎవరికి గురువు?

రెండోది, మనం వద్దన్నా జనం ఆడతారు, మట్కావాడికి పోయే డబ్బు ప్రభుత్వానికి వస్తే మంచిదే కదా అని. దీనిలో బలముంది. దొంగచాటు జూదం పోలీసును, రౌడీని ఇద్దర్నీ మేపుతుంది. కానీ జరిగే జూదాన్ని అదుపులో పెట్టడానికి చట్టం చేయడం ఒకటి, దాన్ని బడికి ఆధారంగా నిలపడం ఇంకొకటి. అదుపులో పెట్టేవాడు అది తగ్గాలని కోరుకుంటాడు. దానిమీద బతికేవాడు పెరగాలని కోరుకుంటాడు. ఒకే చెయ్యి రెండు పనులూ చేయలేదు.

మూడోది, అన్నిటికన్నా గట్టిది, కేరళ. దేశంలో అక్షరాస్యతలో ముందున్న రాష్ట్రమది. అక్కడే ప్రభుత్వ లాటరీ అన్నిటికన్నా ఘనంగా నడుస్తోంది. మొదలుపెట్టింది కూడా మావాడే. ఆర్థికమంత్రి పి.కె. కుంజు సాహెబు. 1967లో ప్రైవేటు లాటరీలను ఆపి ప్రభుత్వ లాటరీ శాఖను పెట్టారు. 1968 జనవరి 26న మొదటి డ్రా. టికెట్టు రూపాయి, మొదటి బహుమతి యాభై వేలు. తర్వాత కారుణ్య పేరుతో వచ్చిన లాటరీ డబ్బు గుండెజబ్బు, కాన్సరు, మూత్రపిండాల రోగులకు వైద్యం చేయించింది. వేలమంది వికలాంగులు, ముసలివాళ్లు టికెట్లమ్ముకుని పొట్ట నింపుకుంటున్నారు. చదువుకున్న జనం మధ్యనే ఇది నడుస్తుంటే, చదువుకూ జూదానికీ పడదని మేము ఎలా అంటున్నాం?

మేము అనేది ఇది. కేరళను చదివించింది లాటరీ కాదు. అక్కడి అక్షరాల వెనక తిరువాన్కూరు కాలం నుంచి జరిగిన ఖర్చు ఉంది, మిషనరీ బడులున్నాయి, నారాయణగురు వంటివారి ఉద్యమాలున్నాయి, అధ్యాపక సంఘాలు, గ్రంథాలయాలు ఉన్నాయి. లాటరీ వచ్చేసరికే ఆ ఇల్లు లేచి నిలబడింది. ఇక చదువుకున్నవాడు కూడా టికెట్టు ఎందుకు కొంటున్నాడంటే, అతనికి లెక్క రాక కాదు. 2022 ఓనం బంపరులో 500 రూపాయల టికెట్లు 66 లక్షలకు పైగా అమ్ముడయ్యాయి. 25 కోట్ల మొదటి బహుమతి ఒక్కరికే. రానివాళ్లు 66 లక్షలని కొన్న ప్రతివాడికీ తెలుసు. అయినా కొన్నాడు. జీతం మీద, పంట మీద, గల్ఫు వీసా మీద పెట్టుకున్న ఆశలు తీరక ఇంకొక ఆశ కొనుక్కున్నాడు. అజ్ఞానాన్ని అమ్ముతున్నారనుకుంటే పాఠం చెప్పి ఆపవచ్చు. ఆశను అమ్ముతున్నప్పుడు ఏ పాఠం ఆపుతుంది? పని చూపించాల్సిన ప్రభుత్వం కల చూపించి డబ్బు తీసుకుంటోంది. ఇది మొదటిదానికన్నా తక్కువ తప్పేం కాదు.

తెలుగు నేలమీద ఇవాళ ప్రభుత్వ లాటరీ లేదు. అందుకని చేతులు దులుపుకోగలమా? మన జూదానికి వేరే పేరుంది. సారా.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఏం జరిగిందో గుర్తుందా? అక్షరదీపం సాక్షరతా కార్యక్రమంలో రాత్రిబడికి వచ్చిన ఆడవాళ్లు సీతమ్మ కథ అనే పాఠం చదివారు. సారా మూలంగా కూలిన కాపురం కథ అది. చదివినవాళ్లు పలకలు పక్కన పెట్టి సారా దుకాణం మీదికి పోయారు. అక్కడ అంటుకున్నది రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి సారాను నిషేధించారు. 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చింది. 1997లో ఖజానా నిండటం లేదని దాన్ని ఎత్తేశారు. ఆ ఉద్యమంలో బురఖాలూ ఉన్నాయి, బొట్లూ ఉన్నాయి, సిలువలూ ఉన్నాయి. సారా వద్దనడం అప్పుడెవరికీ మతంగా కనిపించలేదు.

దూబగుంట చెప్పింది ఒకటే. చదువు నిజంగా చదువైతే, అది ప్రభుత్వానికి వ్యసనాల మీద వచ్చే ఆదాయాన్నే ముందు కొడుతుంది. సారా డబ్బుతో బడి నడిపే ప్రభుత్వం, ఆ బడి బాగా నడవాలని మనస్ఫూర్తిగా ఎలా కోరుకుంటుంది? బాగా నడిస్తే డబ్బు ఆగిపోతుంది. డబ్బు ఆగకూడదంటే బడి ఏదో ఒకచోట విఫలం కావాలి.

ఇది పాత కథని అనుకోకండి. దశలవారీగా మద్యనిషేధం తెస్తామని 2019లో అధికారంలోకి వచ్చిన ప్రభుత్వమే, 2021లో ఆంధ్రప్రదేశ్‌లో చట్టసవరణ చేసి, అమ్మ ఒడి వంటి పథకాలను మద్యం అమ్మే బెవరేజెస్ కార్పొరేషన్‌కు ముడిపెట్టింది. అమ్మ ఒడి అంటే బిడ్డను బడికి పంపే తల్లికిచ్చే డబ్బు. నాన్న తాగితే అమ్మ ఒడి నిండుతుంది. ఆ తల్లికి ఏం చెప్పాలి? మొగుణ్ణి మాన్పించుకోమనాలా, బిడ్డ ఫీజు కోసం తాగనివ్వమనాలా? అంతకుముందూ మద్యం డబ్బు ఖజానాలో కలిసేది, అక్కణ్ణుంచి బడికీ పోయేది. తెలంగాణలో మా పిల్లలు చదివే మైనారిటీ గురుకులాల్లోకి వచ్చేదీ అదే ఖజానా డబ్బు. కలిసిపోయిన నీళ్లలో ఏ చుక్క ఎక్కడిదో ఎవరూ చెప్పలేరు. కానీ కలిసిపోవడం వేరు, ముడిపెట్టడం వేరు. ముడిపెడితే బిడ్డ పుస్తకమే సారాకు సాకు అవుతుంది. రేపెవరైనా దుకాణం మూయమంటే "పేదపిల్లల నోట్లో మట్టి కొడతారా" అని అడుగుతారు. పిల్లవాణ్ణి ముందు నిలబెట్టి వెనక దాక్కోవడమిది.

అయితే మరి ఆ డబ్బుతో చదువుకున్న పిల్లలు తప్పు చేసినట్టా? మా ఇళ్లలో ఈ ప్రశ్న నిజంగానే వస్తుంది. బ్యాంకులో దాచుకున్న డబ్బుమీద వడ్డీ పడితే ఏం చేయాలని పెద్దల్ని అడుగుతారు. చాలామంది ఆలిములు చెప్పే జవాబు, ఆ పైసలు మీరు తినకండి, మసీదుకు పెట్టకండి, సవాబు ఆశించకుండా ఏ పేదవాడికో ఇచ్చేయండి అని. తీసుకునే పేదవాడికి పాపమంటదు. అడగకుండా చేతికొచ్చిన మురికిని కడుక్కునే పద్ధతి అది. ఈ లెక్కన జార్జియాలో హోప్ తీసుకున్న పిల్లదీ, గురుకులంలో అన్నం తిన్న పిల్లవాడిదీ తప్పేం లేదు. ఏ ముల్లా వాళ్లను బెదిరించినా మేము ఒప్పుకోం. కానీ అడగకుండా వచ్చిన వడ్డీని వదిలించుకోవడానికీ, దానం చేస్తాను కదా అని వడ్డీ వ్యాపారం పెట్టుకోవడానికీ తేడా లేదా? ప్రభుత్వం చేస్తున్నది రెండోది. నెరవేర్చని బాధ్యతకు దానం పేరు పెట్టి, ఆ దానం కోసం దుకాణం తెరుస్తోంది.

మావాళ్లకూ ఒక మాట. జుమా బయానులో జూదరిని నరకానికి పంపడం తేలిక. అతను బస్తీలో మూడు ముక్కలాట ఆడి పోలీసులకు దొరికినవాడు. మలక్‌పేట రేసుకోర్సులో మర్యాదగా కూర్చునేవాళ్ల గురించి ఎంతమంది మాట్లాడారు? గుర్రప్పందెం నైపుణ్యపు ఆట అని సుప్రీంకోర్టు 1996లో అంది. రమ్మీ నైపుణ్యపు ఆట అని 1968లోనే, సికింద్రాబాదు క్లబ్బు ఒకదాని కేసులో అంది. బస్తీవాడి పేకముక్కకు నైపుణ్యం లేదు, క్లబ్బువాడి పేకముక్కకు ఉంది. ఆ రమ్మీయే ఫోన్లోకి వచ్చి, మా ముహల్లాల్లో ఆటో కిస్తీల్నీ, చెల్లెలి పెళ్లికి దాచిన డబ్బునీ మింగింది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టాలు చేశాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. అదే ప్రభుత్వాలు నడిపే లాటరీలు మాత్రం 1998 చట్టం నీడలో భద్రంగా ఉన్నాయి. ప్రభుత్వం నడిపినా లాటరీ జూదమేనని 1999లో సుప్రీంకోర్టు చెప్పిన తర్వాత కూడా.

ఇక అసలు చిక్కు. "సరే, జూదం వద్దు, సారా వద్దు. పన్ను ఎవడూ కట్టడు. బడి మూసేద్దామా?" అని అడుగుతారు. దీనికి మా దగ్గర ఒక పాత సంగతి ఉంది. ప్రవక్తకు ప్రవక్త పదవి రాకముందు, మక్కాలో కురైషీలు కాబాను తిరిగి కట్టారు. అప్పటికి వాళ్లు విగ్రహారాధకులే. అయినా ఈ ఇంటికి వడ్డీ డబ్బు, వ్యభిచారపు డబ్బు, అన్యాయంగా లాక్కున్న డబ్బు పెట్టకూడదని కట్టుబాటు చేసుకున్నారు. శుభ్రమైన డబ్బు సరిపోలేదు. సరిపోనంత మేర గోడ లేపకుండా వదిలేశారు. ఆ వదిలేసిన భాగమే హతీమ్. అర్ధచంద్రాకారపు చిన్న గోడతో ఇప్పటికీ అలాగే ఉంది. హజ్‌కు పోయినవాళ్లంతా దాని బయటినుంచే చుట్టి వస్తారు.

దేవుడి ఇల్లు కాబట్టి కొంత వదిలేసినా నడిచింది. బడిని అలా వదిలేయలేం. సగం గోడ బడిలో వానకు తడిచేది పిల్లలు. అందుకే మేము శుద్ధి కోసం బడి చిన్నది చేయమనటం లేదు. శుభ్రమైన డబ్బు సరిపోలేదని కురైషీలు బయటికి చెప్పారు, ఆ కొరత అందరికీ కనబడేటట్టు వదిలేశారు. ప్రభుత్వం కనీసం అంత నిజం చెప్పాలని అడుగుతున్నాం. రాజ్యాంగం పదేళ్లలో పిల్లలందరికీ ఉచిత విద్య ఇస్తామని 1950లో మాటిచ్చింది. అది హక్కుగా అమల్లోకి వచ్చింది 2010లో. ఇన్నేళ్ల కొరతను లాటరీతోనో సారాతోనో కప్పిపెట్టకండి. డబ్బు తక్కువైందని చెప్పండి, ఉన్నవాళ్ల దగ్గర అడగండి. భూములున్నవాళ్లను, బంగళాలున్నవాళ్లను, వారసత్వంగా కోట్లు వచ్చినవాళ్లను. ఓట్లు పోతాయని భయమైతే ఆ భయాన్ని పేదవాడి జేబులోంచి తీర్చుకోకండి.

ఈ మాట చెప్పడానికి మా విశ్వాసం మాకు బలమిచ్చింది. దాన్ని దాచుకోం. మీ బలం మీకు గాంధీ నుంచి రావచ్చు, మార్క్సు నుంచి, అంబేద్కర్ నుంచి, దూబగుంట నుంచి రావచ్చు. ఎవరి దారిన వచ్చినా చేరవలసిన చోటు ఒకటే. బిడ్డ చదువు తండ్రి ఓటమి మీద నడవకూడదు. దీన్ని మా మతమని పక్కన పెట్టేయకండి. వాదన అనుకుని, కాదనగలిగితే కాదనండి.